తెలుగులో ఇచ్చిన మాట

ఇప్పుడు పనిచేసే ఆఫీసులో ఎవరైనా నేను తెలుగుదాన్నని తెలిసి, కుర్చీ దగ్గరికి జరుపుకొని, గొంతు తగ్గించి తెలుగులో మొదలుపెడితే నేను వెంటనే, "ముందు ఇంగ్లీషులో మెయిల్ పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం" అంటాను. వాళ్ళ మొహం చిన్నబోతుంది. పొగరనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఢిల్లీ వచ్చిన కొత్తలో మెట్రోలో ఎవరో మొగుడూ పెళ్ళాలు తెలుగులో పోట్లాడుకుంటుంటే, ఆ పోట్లాట చివరిదాకా వినడానికి దిగాల్సిన స్టేషన్ వదిలేసినదాన్ని నేనే. అలాంటిదాన్ని ఇలా తయారుచేసింది ఒక పెద్దమనిషి. ఆయన పేరు రాయను. రాసినా ఆయనకు సిగ్గనిపించదు.

అప్పట్లో నేను ఒక రబ్బరు హోసు పైపుల కంపెనీలో మార్కెటింగ్ చూసేదాన్ని. మా ఇళ్ళల్లో మార్కెటింగ్ అంటే టీవీలో వచ్చే ప్రకటనలు. వరంగల్ నుంచి మా మేనత్త ఫోన్ చేసినప్పుడల్లా "మీ పైపులకు ఏ హీరోయిన్‌ను పెట్టిన్రే?" అని అడిగేది. మా పైపులు ఇళ్ళల్లోకి వచ్చేవి కావు. ఫ్యాక్టరీలో ఆవిరి, నూనె, పాలు ఒక చోటినుంచి ఇంకో చోటికి పారే పైపులవి. చేసేదీ ఫ్యాక్టరీయే, కొనేదీ ఫ్యాక్టరీయే, మధ్యలో డీలర్లు. అలాంటి వ్యాపారంలో మార్కెటింగ్ అంటే చాలావరకు రూల్స్ రాయడం. ఏ డీలర్ ఏ ఫ్యాక్టరీకి రేటు చెప్పవచ్చు, ఎవరు ఎవరి గడప తొక్కకూడదు, కంపెనీ మనిషి నేరుగా ఎక్కడిదాకా వెళ్ళవచ్చు, ఎవరిని పార్ట్‌నర్ అని పిలవాలి, ఎవరిని అలా పిలవడం మెల్లగా మానెయ్యాలి. ఇవేవీ ప్రభుత్వం రాసేవి కావు. గుర్‌గావ్‌లో ఏసీ గదిలో మాలాంటివాళ్ళం నలుగురం కూర్చుని, సమోసాలు తింటూ రాసేవాళ్ళం. ఆ నాలుగు వాక్యాల మీద ఫరీదాబాద్‌లోనో సోనీపత్‌లోనో ఒక షాపు నిలబడుతుంది, లేదా మూతపడుతుంది. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన రోజు ఎవరూ చెప్పలేదు.

నాకు పని నేర్పింది మా బాస్. గుంటూరు వైపు మనిషి. నన్ను ఇంటర్వ్యూ చేసి తీసుకున్నదీ ఆయనే. మీటింగుల్లో ఆయన ఇంగ్లీషు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది, ఎక్కడా మడత కనపడదు. గది బయటికి రాగానే నాతో తెలుగులోకి దిగేవాడు. "లోపల చెప్పిందంతా వాళ్ళ కోసంలేమ్మా, అసలు సంగతి వేరే" అని మొదలుపెట్టేవాడు. ఎవరి ప్రమోషన్ ఆగిపోతోందో, ఏ డైరెక్టర్ ఎవరి మీద ఒంటికాలి మీద లేస్తున్నాడో అన్నీ తెలుగులో చెప్పేవాడు. అవన్నీ తర్వాత నిజమయ్యేవి. అలా నాకు తెలియకుండానే ఒక నమ్మకం కుదిరిపోయింది. ఆయన ఇంగ్లీషు ఊరందరికీ, తెలుగు నాకు. ఇంగ్లీషులో ఏదైనా అనవచ్చు గానీ తెలుగులో నిజమే చెప్తాడు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. సొంత ఊళ్ళో ఉండి ఉంటే ఇంత తెలివితక్కువ నమ్మకం నాకు కలిగేదే కాదు. వరంగల్‌లో అబద్ధాలన్నీ తెలుగులోనే కదా ఆడతారు.

ఆయన కుటుంబం గుంటూరులోనే ఉండేది. అందుకని అప్పుడప్పుడూ ఆదివారాలు వసంత్ కుంజ్‌లో మా ఫ్లాట్‌కి భోజనానికి వచ్చేవాడు. "ఇంట్లో కూడా సార్ ఏంటమ్మా, అన్నయ్య అను" అన్నాడు. అన్నాను. కూరగాయల బండి మీద గోంగూర కనపడిన రోజు మా ఆయన కంటే ముందు ఆయనకే ఫోన్ చేసేదాన్ని. తింటూ పాఠాలు చెప్పేవాడు. "సరుకు ముందు మన మనిషికి అమ్మాలమ్మా. మనవాడు నమ్మితే బయటివాళ్ళకి వాడే అమ్ముకొస్తాడు" అనేది ఆయనకు ఇష్టమైన పాఠం. నేను దాన్ని కొత్తగా చేరినవాళ్ళకు కూడా చెప్పేదాన్ని. మనవాడు అంటే ఆయన దృష్టిలో ఎవరో నేను ఎన్నడూ అడగలేదు.

రెండో మనిషి ఫరీదాబాద్‌లో మా డీలర్. శ్రీకాకుళం ఆయన. ఎయిర్‌ఫోర్స్‌లో సార్జెంటుగా రిటైరై, ఊరికి వెళ్ళకుండా అక్కడే హోసు పైపుల షాపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల డీలర్లందరికీ ఆయన సార్జెంట్ సాబ్. వాళ్ళలో వాళ్ళకు తగువు వస్తే ఆయన షాపులోనే తీరేది. నాకు మాత్రం మొదటి రోజే బాబాయ్ అయ్యాడు. నా వరంగల్ మాట విని, "నీ తెలుగు అర్థం అవ్వాలంటే నాకు ఇంకో పోస్టింగు కావాలమ్మా" అని ఏడిపించాడు. ఏడిపిస్తూనే ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు.

అన్నీ మాట్లాడేవాడు గానీ ఒక్కటి చెప్పేవాడు కాదు. సరుకు ఎవరికి అమ్ముతున్నాడో. కొనే ఫ్యాక్టరీని ఆ వ్యాపారంలో పార్టీ అంటారు. డీలర్‌కు పార్టీ పేరే ప్రాణం. ఆ పేరు కంపెనీకి తెలిసిందా, కంపెనీయే నేరుగా వెళ్ళి అమ్ముకుంటుంది, లేకపోతే ఇంకో డీలర్ చెవిన వేస్తుంది. అందుకని మా గోడౌన్ నుంచి సరుకు ఎప్పుడూ డీలర్ షాపుకే వెళ్ళేది. అక్కడ కట్టల మీద మా లేబుళ్ళు పీకి, తమ షాపు లేబుళ్ళు అంటించి, తమ టెంపోలో పంపేవాళ్ళు. ఫరీదాబాద్‌లో ఏ డీలర్ దగ్గరికి వెళ్ళినా మా కంపెనీ లేబుళ్ళు నేల మీద చిందరవందరగా పడి ఉండేవి, వాటి మీంచే నడిచి వెళ్ళేదాన్ని.

"బాబాయ్, ఈ పాల పైపు ఎవరికి పోతది?" అని అడిగితే టీ గ్లాసు నా వైపు జరిపేవాడు.

"అలగా పల్వల్ రోడ్డు వైపమ్మా."

పల్వల్ రోడ్డు మీద ఫ్యాక్టరీలకు కొదవా? నేను టీ తాగి వచ్చేసేదాన్ని.

మా కంపెనీకి ఇది పెద్ద తలనొప్పి. తను చేసిన పైపు ఎవరు వాడుతున్నారో తనకే తెలియదు. డీలర్లకూ సుఖం లేదు. ఒక పార్టీ వెనక ముగ్గురు డీలర్లు పడి, ఒకరి మీద ఒకరు రేట్లు తగ్గించుకుంటూ చివరికి ముగ్గురూ ఏడ్చేవాళ్ళు. ఒక ఆదివారం మా ఇంట్లో అన్నం కలుపుకుంటూ మా బాస్ దీనికి దారి చెప్పాడు.

"డీలర్లకి ధైర్యం ఇద్దామమ్మా. ఎవరి పార్టీ పేరు వాళ్ళు మన దగ్గర రాయించుకుంటారు. ముందు రాయించినవాడిదే ఆ పార్టీ. దానికి ఇంకో డీలర్ ఎవడడిగినా మనం సరుకు ఇవ్వం. మనం కూడా ఆ గడప తొక్కం."

"మనం గూడనా అన్నా?"

"మనం కూడా. లేకపోతే వాళ్ళు ఎందుకు రాయిస్తారు?"

నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఆయనకు ఆ రాత్రంతా అదే వినిపించాను. మర్నాడే కూర్చుని రూలు రాశాను, ఇంగ్లీషులోనూ హిందీలోనూ, ఏ షాపువాడికైనా అర్థమయ్యేట్టు. దాని చివర నేనే పట్టుబట్టి ఒక షరతు పెట్టించాను. ఈ రూలులో ఏ మార్పు చెయ్యాలన్నా డీలర్ల కమిటీ ఒప్పుకోవాలి. మా బాస్ ఆ షరతు చదివి, "శభాష్, దీంతో ఇంకా నమ్ముతారు" అన్నాడు. పొగడ్త అనుకున్నాను.

రూలు వచ్చింది గానీ పేర్లు రాలేదు. ఘజియాబాద్, మానేసర్, సోనీపత్, ఎక్కడికి వెళ్ళినా లస్సీ ఇచ్చారు, నీళ్ళు నమిలారు. అందరి జవాబూ ఒకటే. సార్జెంట్ సాబ్ రాయిస్తే మేమూ రాయిస్తాం. ఈ మాట మా బాస్‌కు చెప్తే ఆయన నవ్వాడు. "మీ బాబాయ్‌ని నువ్వే కదిలించాలమ్మా. మేమెవరం వెళ్ళినా టీ ఇచ్చి పంపిస్తాడు."

నేను ఆదివారం ఆయన ఇంటికే వెళ్ళాను. కూతురు వచ్చి ఉంది. ఆ అమ్మాయి ఢిల్లీలో బేర్ సరాయ్‌లో చిన్న గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతోంది. పిన్ని, అంటే ఆయన భార్య, గదిలో గాలి వస్తోందా, మెస్సులో తిండి బాగుందా అని అడుగుతోంది. "ఠీక్ హై మమ్మీ, సబ్ ఠీక్ హై" అని ఆ అమ్మాయి ఫోన్ చూసుకుంటూ జవాబిచ్చింది.

"తెలుగులో సెప్పవే గుంటా" అన్నాడు బాబాయ్. "ఇంట్లో కూడా ఇందీయేనేటి?"

"బావుంది, బావుంది" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో చేపల పులుసు దించుతూ పిన్ని నాకు అసలు విషయం చెప్పింది. పల్వల్ రోడ్డు పార్టీ ఒక పెద్ద డెయిరీ. షాపు సగానికి పైగా దాని మీదే నడుస్తోంది. షాపు పెట్టిన కొత్తలో ఆయన ఆ డెయిరీ గేటు ముందు ఎండలో కూర్చుని, స్టోర్ మేనేజర్ బయటికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, ఒక సీజనంతా అలా తిరిగి సంపాదించుకున్న పార్టీ అది. కూతురి చదువూ, ఈ ఇంటి అద్దే, అన్నీ ఆ డెయిరీ పాలేనే తల్లీ అని పిన్ని నవ్వింది. నేనూ నవ్వాను.

భోజనాలయ్యాక బాబాయ్ చెయ్యి తుడుచుకుంటూ తనే ఎత్తాడు.

"సెప్పమ్మా. పేరు రాయించీసాక రేపు మీ కంపెనీయే ఎల్లి కూకుంటే?"

"అట్ల పోదు బాబాయ్. పోవద్దని రూల్ల రాసినం."

"రూలు ఎవులు రాసారు?"

"నేనే రాసిన."

"మరి మార్సేది ఎవులు?"

"మీ కమిటీ ఒప్పుకోంది ఎవ్వరు మార్చలేరు. అది గూడ నేనే రాసిన."

పిన్ని గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

"ఇది కంపెనీ మాటా, నీ మాటా?"

"నా మాట."

"ఇంగ్లీషులో సెప్పుంటే నమ్ముదును కాను" అన్నాడు. "తెలుగులో సెప్పావు. అలగే కానీ."

ఆ వారంలోనే మా ఆఫీసుకి స్వయంగా వచ్చి డెయిరీ పేరు రాయించాడు. ఆ తర్వాత మిగతా డీలర్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న పేర్లన్నీ మా కంప్యూటర్లోకి వచ్చి పడ్డాయి.

అవి మంచి రోజులు. రూలు నిజంగానే పనిచేసింది. డీలర్ల మధ్య తగువులు తగ్గాయి. ఒకరి పార్టీ దగ్గరికి ఇంకొకరు వెళ్ళడం మానేశారు. లేబుళ్ళు పీకడం కూడా మానేశారు. బాబాయ్ షాపుకి వెళ్ళినప్పుడు నేల మీద మా లేబుళ్ళు కనపడకపోతే నాకు ఛాతీ పొంగేది. ఆఫీసులో మా బాస్ అప్పుడప్పుడూ నా వెనక నిలబడి తెర మీద ఆ పార్టీల పేర్లన్నీ పైనుంచి కిందికి చూసేవాడు, కూతురి పెళ్ళి పందిరి చూసుకునే తండ్రిలా. నా పని చూసి మురిసిపోతున్నాడనుకునేదాన్ని.

అలా రెండేళ్ళు గడిచాక మళ్ళీ ఒక ఆదివారం. మా బాస్ మా ఇంట్లో మజ్జిగ తాగుతూ కొత్త సంగతి చెప్పాడు. పెద్ద పార్టీలకు సేవ సరిపోవడం లేదట. పైపు పగిలితే డీలర్ ఒక్కడూ ఏం చూసుకుంటాడు? అందుకని పెద్ద పార్టీల దగ్గరికి డీలర్‌తో పాటు మన ఇంజినీర్ కూడా వెళ్ళవచ్చని రూలులో ఒక వాక్యం కలపాలి.

"గడప తొక్కం అని రాసినం గదన్నా" అన్నాను.

"వాళ్ళ చెయ్యి పట్టుకునే తొక్కుతామమ్మా. మనం ఒక్కళ్ళమే పోతామా ఏంటి? మీ బాబాయ్ ఇంకెన్నాళ్ళు పైపులు భుజాన వేసుకుని తిరుగుతాడు, ఆ వయసులో? ఆయనకి బలం ఇవ్వడానికే. ఇంకొంచెం మజ్జిగ పొయ్యి."

పోశాను. బాబాయ్‌కి ఫోన్ చేసి అదే మాట చెప్పాను, మీ బలానికే బాబాయ్ అని.

కమిటీ సమావేశం గుర్‌గావ్‌లో ఒక హోటల్లో పెట్టారు. మా బాస్ తెర మీద బొమ్మలు చూపిస్తూ సగం ఇంగ్లీషులో, సగం హిందీలో గంటసేపు మాట్లాడాడు. స్ట్రాటజీ అన్నాడు, నెట్‌వర్క్ అన్నాడు, మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. డీలర్లు మర్యాదగా విన్నారు. మా డీలర్లకు ఒక అలవాటు ఉంది. చేతులెత్తమంటే ఎవరూ తెర వైపు చూడరు, సార్జెంట్ సాబ్ వైపు చూస్తారు. ఆ రోజూ అందరూ ఆయన వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. తల ఊపాను. ఆయన చెయ్యెత్తాడు, ఆయన వెనక హాలంతా ఎత్తింది. మా బాస్ వేదిక దిగి వచ్చి ఆయనకు శాలువా కప్పాడు. పిన్నికి చూపించడానికని బాబాయ్ నా చేత ఫోటో తీయించుకున్నాడు.

వానాకాలం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం బాబాయ్ ఫోన్ చేశాడు. వెనక లారీల హారన్లు వినపడుతున్నాయి.

"అమ్మా, డెయిరీ గేటు కాడున్నాను. మీ ఇంజినీరు లోపల స్టోరు మేనేజరుతో కూకున్నాడు. నన్ను ఎల్లనివ్వట్లేదు. ఇకనుంచి కంపెనీతోనే నేరుగా మాటాడుకుంటాం, నువ్వు బయట కూకో అన్నారు. ఏటిది?"

"ఏదో పొరపాటు అయ్యుంటది బాబాయ్. నేను కనుక్కుంట" అన్నాను. అలా అన్నప్పుడు నేను నిజంగానే పొరపాటు అనుకున్నాను.

మా బాస్ గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి తలుపు వేశాడు. తలుపు వేస్తే తెలుగు వస్తుంది. వచ్చింది.

"పొరపాటేం లేదమ్మా. పెద్ద పార్టీలన్నీ ఇక మనమే చూసుకుంటాం. డీలర్లకి చిన్నవి ఉంటాయిగా."

"మరి రూలు?"

"కమిటీయే ఒప్పుకుంది. మనం వెళ్ళచ్చని వాళ్ళే చేతులెత్తారు."

"డీలర్‌తోని కలిసి పోతమని చెప్పినం. ఆయన్ను గేటు కాడ ఎండల నిలబెడతమని చెప్పలె."

ఆయన నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళల్లో ఇసుక పడ్డట్టు గుచ్చుతుంది.

"మొదట్నుంచీ ప్లాన్ ఇదే కదమ్మా. పార్టీలెవరో తెలియకుండా మనం నేరుగా ఎలా వెళ్తాం? ముందు పేర్లు రావాలి. వచ్చాయి. తర్వాత పరిచయం కావాలి. అయింది. నీకు తెలుసనుకున్నానే."

నాకు తెలుసనుకున్నాడట. "నాకు ముందే ఎందుకు చెప్పలే అన్నా?" అని అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"చెప్తే నువ్వు వాళ్ళకి అంత నమ్మకంగా చెప్పగలిగేదానివా? నీ మొహం చూసి నమ్మారు. నువ్వు నమ్మావు కాబట్టే నీ మొహం అలా ఉంది."

సరుకు ముందు మన మనిషికి అమ్మాలి. ఆ పాఠం అన్నాళ్ళు నోట్‌బుక్కు అవసరం లేకుండా ఒప్పజెప్పినదాన్ని, ఆ గదిలో నిలబడ్డాకే నాకు అర్థమైంది. మనవాడు అంటే నేను. ఆయన మొదట అమ్మింది నాకు. నా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, నా గోంగూర తింటూ, నా భాషలో అమ్మాడు. డీలర్ల దగ్గరికి ఆయన వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. కమిటీ షరతు చూసి శభాష్ అన్నది అందుకు. నేను కష్టపడి పెట్టిన తలుపును వాళ్ళ చేతులతోనే తీయించవచ్చని ఆయనకు అప్పుడే తెలుసు. నమ్మించి గొంతు కోయడం అనే మాట చిన్నప్పటినుంచి వింటున్నాను. అది ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా, అమ్మా అమ్మా అంటూ జరుగుతుందని అనుకోలేదు.

అయినా నేను ఆయన ముందు బతిమాలాను. మిగతావి మీ ఇష్టం, ఆ ఒక్క డెయిరీ వదిలెయ్యండి, ఆయన ఇల్లు దాని మీద నడుస్తోంది, నేను మాటిచ్చాను అన్నాను. ఏడ్చాను కూడా. ఆయన నీళ్ళ గ్లాసు ఇచ్చాడు.

"సరేలే, ఊరుకో. ఆ ఒక్కటీ వదిలేద్దాం. పైవాళ్ళతో నేను మాట్లాడతా. నేనున్నాగా."

మళ్ళీ నమ్మాను. అదీ నా తెలివి. కారిడార్‌లోకి వచ్చి కళ్ళు తుడుచుకుని బాబాయ్‌కి ఫోన్ చేశాను. "డెయిరీ మీదే బాబాయ్. రంది పడకుండ్రి. మాట్లాడిన" అన్నాను. "నువ్వున్నావని నాకు తెలుసమ్మా" అన్నాడు. ఆ ధైర్యంతోనే ఆయన డెయిరీ కోసం మా దగ్గర నుంచి మళ్ళీ సరుకు తెప్పించి షాపు నింపి పెట్టుకున్నాడు. ఆ పాల పైపులు వేరే ఎవరికీ పనికిరావు.

నెలాఖరు సమీక్షలో మా బాస్ తెర ముందు నిలబడ్డాడు. నేరుగా అమ్మే కొత్త పార్టీల పట్టిక వేశాడు. అన్నిటికన్నా పైన డెయిరీ. "ఇదంతా ఒక్క మనిషి వల్ల సాధ్యమైంది. మన డీలర్లు కంపెనీని కాదు, ఆమెను నమ్ముతారు" అని నా వైపు చెయ్యి చూపించాడు. మడత లేని ఇంగ్లీషులో చెప్పాడు. గదంతా చప్పట్లు కొట్టింది. పక్కన కూర్చున్న అమ్మాయి నా భుజం తట్టింది. నాకు లేచి వెళ్ళి ఆ తెర చింపెయ్యాలనిపించింది. కూర్చుండిపోయాను.

బయట లిఫ్ట్ దగ్గర పట్టుకున్నాను. "డెయిరీ వదిలేస్తనన్నవు గదన్నా" అన్నాను. చుట్టూ ఎవరూ లేరు. మామూలుగా అయితే తెలుగు రావాలి. ఆయన వాచీ చూసుకుని, "ఇట్స్ డన్. మూవ్ ఆన్" అన్నాడు. ఆ ఒక్క నిజం మాత్రం ఇంగ్లీషులో చెప్పాడు.

నేను ఉద్యోగం మానేశాను. అదేదో గొప్ప త్యాగమని చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ భవనం మెట్లెక్కడం ఇక నా వల్ల కాలేదు, అందుకని మానేశాను. ఉగాదికి ఆయన నుంచి తెలుగులో శుభాకాంక్షలు వచ్చాయి, అమ్మా అని సంబోధిస్తూ, కింద అన్నయ్య అని. ఏమీ జరగనట్టే పంపాడు. ఆయనకు నిజంగానే ఏమీ జరగలేదు కదా. నంబర్ తీసేశాను.

ఫరీదాబాద్ వెళ్ళడానికి మాత్రం చాలా రోజులు మొహం చెల్లలేదు. బాబాయ్‌కి ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. చివరికి ఒక రోజు మెట్రో ఎక్కాను. దారి పొడవునా ఆయన తిట్లకు తయారవుతూ కూర్చున్నాను. తిడితే బావుండు. తిట్టాక పిన్ని లోపలినుంచి వచ్చి, ఇక చాలించండి, పిల్ల అన్నం తినిందో లేదో అంటుంది. నాకు కావలసిందల్లా అది.

షాపు తెరిచే ఉంది. గోడ వారన పాల పైపుల చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మీద దుమ్ము. బాబాయ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నన్ను చూసి ఆయన ఏనాడూ లేచి నిలబడలేదు. తువ్వాలు తీసి కుర్చీ తుడిచాడు.

"ఆయియే మేడమ్‌జీ. బైఠియే."

కూర్చున్నాను. "నేను ఉద్యోగం మానేసిన బాబాయ్" అన్నాను.

"అచ్ఛా. ఠీక్ కియా ఆప్‌నే."

"నన్ను గూడ మోసం చేసిండు బాబాయ్. ఒట్టు. నాకు ఒక్క ముక్క తెల్వదు. తెలిస్తే మీ దగ్గరికి వస్తునా?"

"జీ మేడమ్."

టీ తెప్పించాడు. నేను మొదటినుంచి అన్నీ చెప్పాను. మా ఇంట్లో భోజనాలు, మా బాస్ గదిలో జరిగిన మాటలు, చప్పట్లు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కంపెనీ నుంచి వచ్చే ఎవరి మాట అయినా వినేంత మర్యాదగా విన్నాడు. మధ్యమధ్య "జీ" అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను పట్టుకుని వేలాడేదాన్ని.

మధ్యలో ఆయన ఫోన్ మోగింది. పిన్ని. "ఆ, సెప్పు" అన్నాడు. "గుంట సామాన్లు దింపీసిందేటి? బేర్ సరాయ్ గది తాళాలు ఇచ్చీమను. పుస్తకాలు తడవకుండా పెట్టుకోమను. నేను వచ్చీస్తాన్లే." ఆ తెలుగు విన్నాక నేను ఇక ఆగలేకపోయాను. ఆయన ఫోన్ పెట్టేసి మళ్ళీ నా వైపు తిరిగి, "చాయ్ లీజియే, ఠండీ హో రహీ హై" అన్నాడు.

"తెలుగుల మాట్లాడుండ్రి బాబాయ్" అన్నాను. "తిట్టుండ్రి. కొట్టుండ్రి. హిందీల మాత్రం వద్దు."

ఆయన ఆ పైపుల చుట్టల వైపు చూశాడు.

"తెలుగులోనే గదమ్మా నమ్మీసాను" అన్నాడు.

తర్వాత కౌంటర్ దగ్గర ఎవరో వచ్చి నిలబడితే అటు తిరిగి, "హా భయ్యా, బోలియే" అన్నాడు.